యేసును నమ్ముకోవాలని ఉంటే ఎలా మొదలుపెట్టాలి?

ఒంగోలు చుట్టుపక్కల ఏ ఊళ్లో పందిరి వేసి కూటాలు పెట్టినా ఆఖర్న ఒకటే మాట: "తీర్మానం చేసుకునేవాళ్లు చెయ్యెత్తండి." కీబోర్డు మెల్లగా మోగుతుంటుంది, పక్కనావిడ కళ్లు తుడుచుకుంటుంటుంది, మన చెయ్యి దానంతటదే లేస్తుంది. తప్పేం కాదు. కానీ తెల్లారాక "నేను దేనికి సరేనన్నాను?" అనుకుంటే నాకు జవాబు దొరకలేదు. అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

1. ఎందుకో తేల్చుకోండి. జబ్బు తగ్గుతుందనా? అప్పు తీరుతుందనా? చాలామందిని చర్చి గుమ్మం దాకా తెచ్చేవి అవే. అక్కడే ఆగిపోతేనే చిక్కు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇప్పించాడు. బాప్తిస్మం అడిగితే మాత్రం ఆగమన్నాడు, కూటి కోసం వస్తున్నారేమోనని. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర ఆగమన్నట్టు మిమ్మల్ని మీరే కొన్నాళ్లు ఆగమనండి. అప్పటికీ కావాలనిపిస్తే ముందుకెళ్లండి.

2. చదవండి. బైబిల్లో యోహాను సువార్త 21 అధ్యాయాలు, రోజుకొకటి. 3:16 ఆటోల వెనక చూసిందే. 17:3 దగ్గర ఆగండి. నిత్యజీవమంటే దేవుణ్ణి, ఆయన పంపిన యేసుక్రీస్తును ఎరగడమని ఉంటుంది. అంటే చచ్చాక మొదలయ్యేది కాదు, ఇప్పుడే మొదలు. తర్వాత రోమా పత్రిక 6:23. పాపానికి జీతం మరణం, దేవుడిచ్చే వరం నిత్యజీవం. జీతం పని చేసి తీసుకుంటాం, వరం ఊరికే వస్తుంది. నాకు ఎక్కువ టైం పట్టింది ఇక్కడే. మొక్కుకుని ముడుపు కట్టే ఇంట్లో పెరిగినవాణ్ణి. "ఇది చెయ్యి, అది ఇస్తా" అని బేరమాడే అలవాటు యేసు దగ్గరా పోలేదు.

3. ప్రార్థన చేయండి. దీనికి మంత్రం లేదు. యేసే ప్రభువని నోటితో ఒప్పుకుని, దేవుడు ఆయన్ను మృతుల్లోంచి లేపాడని మనసులో నమ్మితే రక్షణ అని రోమా 10:9. మీ మాటల్లోనే చెప్పుకోండి, నెల్లూరు యాసలో అయినా సరే. మారుమనస్సు మాత్రం చేతల్లో కనపడాలి. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా లాగిన డబ్బు నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మీరు ఎవరికి ఏం తిరిగివ్వాలో మీకే తెలుసు.

4. ఇంట్లో చెప్పండి. ఊరంతా తెలిశాక కాదు, ముందే. మా అమ్మ మతం సంగతే ఎత్తలేదు. "ఏంది అబ్బయ్యా, ఇంక సంక్రాంతికి రావా?" అంది. వస్తానన్నాను, వెళ్తున్నాను. వాళ్ల దేవుళ్లను తిట్టి మీ భక్తి చూపించుకోవద్దు.

5. సంఘం చూసుకోండి. బాప్టిస్టులు నమ్మినవాళ్లకే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. లూథరన్లు, కేథలిక్కులు చంటిపిల్లలకూ ఇస్తారు. పెద్దవాళ్లు కేథలిక్ సంఘంలో చేరాలంటే ముందు కొన్నాళ్లు ఉపదేశం వినాలి. మీ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే పాస్టర్ గారు దొరికితే చాలు. ముందు కానుక కవరు అడిగే చోట చెప్పులేసుకుని వచ్చేయండి.

6. కాగితాల సంగతి. నచ్చిన మతాన్ని పాటించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అలాంటివాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. ఇది తెలిసే నిర్ణయించుకోండి, దాచిపెట్టి కాదు.

7. బాప్తిస్మం రోజు. ఏటిలో నీళ్లు లేకపోతే చర్చిలో తొట్టి ఉంటుంది. పాస్టర్ గారు నడుం లోతులో నిలబడి, ఒక చెయ్యి మెడ వెనక వేసి వెనక్కి వాలుస్తారు. కాళ్లు బిగబట్టకండి. నేను బిగబట్టాను, ఇద్దరం తూలాం. ముక్కు మూసుకోవడానికి చేతిరుమాలు, పొడి బట్టలు ఒక జత, తువ్వాలు తీసుకెళ్లండి. తెల్లబట్టలు తడిస్తే లోపలివి కనపడతాయి, కాస్త మందంగా ఉన్నవి చూసుకోండి.