యాసంగి వడ్లు రాకముందే సర్వర్‌ను ఒకసారి మీరే పడగొట్టండి

ఏప్రిల్ వచ్చిందంటే మిర్యాలగూడ మిల్లులకు తీరిక ఉండదు. సాగర్ ఎడమ కాలువ కింద కోసిన వడ్లు వస్తుంటే కాటా ముందు అర్ధరాత్రి కూడా ట్రాక్టర్ల లైనే. ఆ కాటా బిల్లింగు నడిపే లినక్స్ సర్వర్లు చూసుకోవడం నా పని. నిరుడు ఒక మిల్లులో సర్వర్ రాత్రిపూట కెర్నల్ ప్యానిక్ అయి (అంటే సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్ కెర్నలే తప్పుతో పడిపోయి), తనంతట తానే రీస్టార్ట్ అయింది. తెల్లారి పోయి క్రాష్ ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. "ఏమన్నా దొరికిందా అన్నా?" అని గుమాస్తా రెండుసార్లు అడిగిండు. పడిపోయినప్పటి మెమరీని ఆ ఫోల్డర్లో దాచాల్సిన కేడంప్ సర్వీసు మాత్రం అంతా బాగుందని పచ్చగా చూపిస్తోంది.

ఆ పచ్చరంగును నమ్మొద్దు. కేడంప్ ర్యామ్‌లో కొంత ముందే పక్కన పెట్టి, అందులో రెండో కెర్నల్‌ను ఎక్కించి ఉంచుతుంది. అసలు కెర్నల్ పడిపోగానే ఇది లేచి, పాతదాని మెమరీని డిస్కులోకి ఎత్తాలి. ఆ కాపీనే డంప్ అంటాం. సర్వీసు చెప్పేది రెండోది ఎక్కి ఉందని మాత్రమే. లేచాక పని చేస్తుందో లేదో పడితేనే తెలుస్తుంది.

కాబట్టి సీజన్‌కు ముందు ఒక ఆదివారం రాత్రి కాటా బంద్ చేయించి, బ్యాకప్ తీసి, డేటాబేస్ ఆపి, రాయాల్సిందంతా డిస్కులోకి పోయేలా సింక్ కొట్టి, రూట్‌గా (పూర్తి అధికారం ఉన్న యూజర్‌గా) కెర్నల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్లో చిన్న 'సి' అక్షరం రాయండి. ఎంటర్ కొట్టిన క్షణమే మిషన్ పడిపోతుంది, అడగదు. రిమోట్‌లో చేస్తే ఏమీ కనబడదు, మానిటర్ ముందే కూర్చోవాలి. ఫోన్‌లో వీడియో తీయండి, తప్పు చెప్పే లైను కన్నుమూసి తెరిచేలోగా పైకి పోతుంది.

నేను అట్లా తీసిన వీడియోను ఆపి ఆపి చూస్తే దొరికింది: అవుట్ ఆఫ్ మెమరీ, అంటే రెండో కెర్నల్‌కు మెమరీ చాలలేదు. ఆ మిషన్లో ర్యామ్ 32 జీబీ. మేము వాడే లినక్స్ రకం అల్మాలినక్స్ 9లో, ర్యామ్ 4 నుంచి 64 జీబీ వరకు ఉంటే డిఫాల్టుగా పక్కన పెట్టేది 256 ఎంబీ. మేము తర్వాత బిగించిన రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపేది) డ్రైవరుకే అందులో చాలా పోయింది. బూట్ లైన్లో క్రాష్‌కెర్నల్ విలువ (పక్కన పెట్టే మెమరీ) 512 ఎంబీకి పెంచి, రీబూట్ చేసి, మళ్లీ పడగొడితే డంప్ వచ్చింది. పేరు 127.0.0.1తో మొదలయ్యే ఫోల్డర్లో ఉంటుంది. 'వీఎంకోర్' అనే ఫైలు ఉంటే పూర్తయినట్టు, పేరు చివర 'ఇన్‌కంప్లీట్' ఉంటే మధ్యలో ఆగినట్టు. అప్పుడు ముందు డిస్కులో జాగా చూడండి. డంప్ తెగినా, పక్కన డీమెసేజ్ టెక్స్ట్ ఫైలు (కెర్నల్ చివరి సందేశాలు) ఉంటే పారేయకండి, సగం కథ అందులోనే ఉంటుంది.

హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (సిస్టమ్ పలకకపోతే రీసెట్ కొట్టే టైమర్) మీద కూడా ఒక కన్నేయండి. రెండో కెర్నల్ దానికి పలకకపోతే, డంప్ రాస్తుండగానే మిషన్‌ను రీసెట్ కొడుతుంది.

ఇక ఈదురుగాలుల సంగతి. కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి ఆగిన మిషన్‌కు డంప్ రాదు. దానికి కేడంప్‌ను తిట్టి లాభం లేదు. మొన్నొక కుర్రోడు అట్లాంటి డంప్ కోసం పూటంతా వెతికిండు. పడిపోకుండా బిగుసుకుపోయిన మిషన్ కూడా అంతే, ప్యానిక్ కాకపోతే డంప్ లేదు. ప్రాసెసర్ బిగుసుకుపోతే ప్యానిక్ చేయించే సాఫ్ట్‌లాకప్ ప్యానిక్ సెట్టింగును 1 చేసి పెడితే కొన్ని చోట్ల పనికొస్తుంది.

సీజన్ అయ్యేదాకా కెర్నల్ అప్‌డేట్లు ఆపేయండి. డంప్‌ను బయటివాళ్లకు పంపేముందు ఆలోచించండి, రైతుల బ్యాంకు వివరాలు మెమరీలో ఎక్కడో ఒకచోట ఉండొచ్చు.

నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌కు సరిగ్గా సరిపోయే డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ (కెర్నల్ లోపలి పేర్లు, వివరాలు ఉండేది) లేకుంటే, డంప్‌ను విప్పి చూసే క్రాష్ టూల్ ఆ డంప్‌ను చదవలేదు. గాలిదుమారం వస్తే మిల్లులో మొదట పోయేది నెట్టే. అందుకే ఆ ప్యాకేజీని ఇప్పుడే దించి, పెన్‌డ్రైవ్‌లో వేసి, కాటా బల్ల సొరుగులో రశీదు పుస్తకాల కింద పెట్టిన.