ఉగాది బూజు దులుపుడులో సీపీయూ కూడా

బెజవాడ ఎండలు 40 డిగ్రీలు దాటాక డెస్క్‌టాప్ ఉన్నట్టుండి నెమ్మదిస్తే వైరస్‌ను తిట్టకండి. చాలాసార్లు అది దుమ్మే. ప్రాసెసర్ ఫ్యాన్ కింద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) రెక్కల మధ్య దూదిపరుపులా పేరుకుంటుంది, గాలి ఆడదు, వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

పండక్కి ఇల్లు దులిపేటప్పుడే ఆ దుమ్ము కూడా దులిపేయండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి బ్లోయర్ కొట్టండి. వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. తడిగుడ్డ జోలికి వెళ్లొద్దు.

హీట్‌సింక్ ఊడదీస్తే ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మీద కొత్తది బఠాణీ గింజంత పెట్టండి. బ్రెడ్డుకు జామ్‌లా పూస్తే పక్కలకు కారడం తప్ప లాభం లేదు. ఇంటెల్ ఫ్యాన్లకు నాలుగు పిన్నులుంటాయి, ఎదురెదురు మూలలవి జతగా టిక్కుమనేదాకా నొక్కాలి. ఒక్కటి ఎక్కకపోయినా వేడి తగ్గదు.

పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా లోపల కరెంటును దాచుకునే కెపాసిటర్లు షాక్ కొడతాయి.