కొండదారిలో పిండిగుర్తులు: కోరాపుట్ వైపు వారాంతపు పరుగును నడిపే విధానం

కలిసి బయలుదేరిన పరుగు బృందం కొండ ఎక్కడం మొదలైన పావుగంటకే మూడు ముక్కలవుతుంది. ముందువారు కనుమరుగవుతారు, మధ్యవారు కబుర్లలో పడతారు, చివరి ఇద్దరు ముగ్గురు చీలికదారి దగ్గర ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోతారు. ఒడిశాలోని సునాబెడ, సెమిలిగుడ, కోరాపుట్ పట్టణాలలో స్థిరపడిన తెలుగువారూ, తెల్లవారుజామున సాలూరు ఘాటీ ఎక్కి వచ్చే విజయనగరం మిత్రులూ కలిసే పరుగులో ఇరవై ఏళ్ల కుర్రవాడి పక్కన అరవై దాటిన విశ్రాంత ఉద్యోగి కూడా ఉంటాడు కనుక, అందరూ ఒకే సమయానికి గమ్యం చేరేలా చేయడమే నిర్వాహకుడి అసలు పని. వేగంగా పరుగెత్తేవారిని బతిమాలి ఆపడం వల్ల ఇది సాధ్యం కాదు. దారిని వేసే పద్ధతిలోనే ఆ ఏర్పాటు ఉండాలి.

అటువంటి పద్ధతి ఒకటి చాలాకాలంగా ఉంది. 1938లో కౌలాలంపూర్‌లో మొదలైన హ్యాష్ హౌస్ హ్యారియర్స్ అనే పరుగు బృందం దానిని ప్రపంచమంతా వ్యాపింపజేసింది. ఇందులో ఒకరు ‘కుందేలు’గా ముందే వెళ్లి నేలమీద పిండితో గుర్తులు వేస్తారు, మిగిలినవారు వాటిని వెతుక్కుంటూ వస్తారు. తిన్నని బాటలో యాభై అరవై అడుగులకొక చిన్న చుక్క సరిపోతుంది. ఆ బాటలో మూడు నాలుగు చోట్ల మాత్రం మూరెడు వెడల్పున సున్నా గీస్తారు. సున్నా తరువాత దారి ఎటైనా పోవచ్చు కనుక ముందు వచ్చినవారు నాలుగు వైపులా వెతకాలి. అందులో ఒకటి రెండు దారులలో ఒకటో రెండో చుక్కల తరువాత అడ్డగీత కనిపిస్తే అది తప్పుదారి అని తెలుసుకుని వెనక్కు రావాలి. వరుసగా మూడు చుక్కలు దొరికినవారు గట్టిగా కేక వేసి, సున్నా దగ్గరకు తిరిగివచ్చి, సరైన దిశలో బాణం గుర్తు గీసిన తరువాతే ముందుకు సాగాలి. ఈలోగా వెనుకవారు చేరుకుంటారు. పది కిలోమీటర్ల ఓపిక ఉన్నవాడు పది పరుగెత్తుతాడు, ఏడు చాలనుకునేవాడు ఏడే నడుస్తాడు, అయినా ఇద్దరూ ఒకే చెట్టు కింద కలుస్తారు.

దారిని ఒకరోజు ముందు కుందేలు ఒక్కడే కాక, బృందంలో అందరికంటే నెమ్మదైన వ్యక్తిని వెంటబెట్టుకుని నడిచి చూడాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనడం మనకు అలవాటే. ఇక్కడ కుందేలు స్వయంగా ఆ మాట అంటుంది, తాను వేసిన దారి చాలా సులువని. సమయం అంచనాకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికివస్తుంది: గంటకు 5 కిలోమీటర్లు, ఆపై ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట. 8 కిలోమీటర్ల దారిలో 300 మీటర్ల ఎక్కుడు ఉంటే నడిచేవారికి రెండు గంటల పైచిలుకు పడుతుంది; విశ్రాంతికి మరో అరగంట కలపాలి. 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవ్‌మాలి దగ్గరలోనే ఉంది కనుక ప్రతి కొత్త సభ్యుడూ శిఖరమే కావాలంటాడు. సెలవురోజులలో అక్కడ పర్యాటకుల వాహనాల రద్దీ ఉంటుంది కనుక, పరుగుకు దిగువ వాలులలోని పశువుల బాటలే మేలని నా అభిప్రాయం.

ఇక పిండి సంగతి. బియ్యప్పిండి వాడితే చీమలకూ కోళ్లకూ ఆహారమవుతుంది, ఊడ్చే పని ఉండదు. ఎర్రమట్టి మీద చక్కగా కనిపిస్తుంది కూడా. అయితే శీతాకాలపు మంచుకు తడిసి ముద్దవుతుంది, మేకల మంద ముందు వెళితే సగం గుర్తులు మిగలవు. అందువల్ల రాత్రి కాక, పరుగుకు గంట ముందు మాత్రమే వేయాలి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కనుక దానిని వాడరాదు. ఎండుగడ్డి మీద తెలుపు ఆనదని ఒకసారి నేను పిండిలో పసుపు కలిపి, ఒక ఊరి పొలిమేరలో మూడు దారులు కలిసే చోట పెద్ద సున్నా గీశాను. దారులు కలిసే చోట పసుపు ముగ్గు అంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ఊరివారూ అదే అనుకున్నారు. ఎవరికో చెడుపు చేశారని నలుగురూ గుమిగూడగా, అక్కడి వాడుకభాష దేశియా మాట్లాడగల మా సభ్యుడు నచ్చజెప్పేసరికి పొద్దెక్కిపోయింది. తప్పు వారిది కాదు. అప్పటినుండి తెల్లపిండి తప్ప మరేదీ వాడము, కూడలికి ఇరవై అడుగుల అవతలే సున్నా వేస్తాము, ముందురోజు ఊరి పెద్దను కలిసి గుర్తులు ఎందుకో చెప్పి వస్తాము.

ఊళ్ల మధ్య దారి ఎంచుకునేటప్పుడు పొలాలను గమనించాలి. ఇక్కడి వాగుల వెంట మెట్లుమెట్లుగా మలిచిన వరి మళ్లను ‘ఝోలా’ భూములంటారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ముఖ్య వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది. ముప్పై మంది బూట్లతో పరుగెత్తితే తడిగట్టు జారి తెగుతుంది కనుక గట్ల మీద ఒకరి వెనుక ఒకరు నడవాలి, లేదా దారినే చుట్టూ తిప్పాలి. వలిసె పూలు విరగబూసే నెలల్లో ఫొటోల కోసం చేలలోకి దిగేవారిని ఆపడం కుందేలు బాధ్యతే. చైత్రమాసంలో మాత్రం అడవి దారులు వేయకూడదు. మన ఏజెన్సీ ఇటుకల పండుగ వలెనే ఇక్కడ చైత పరబ్‌కు మగవారు విల్లంబులతో వేటకు వెళతారు. పొదల చాటున పరుగెత్తే మనిషి దూరం నుండి మనిషిలా కనిపించడు. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామున ఎలుగుబంట్లు చెట్ల కింద తిరుగుతాయన్నది మరొక కారణం. వేసవిలో మధ్యాహ్నపు ఉరుములు మొదలుకాక ముందే బోడికొండల మీదినుండి దిగిపోవాలి.

బయలుదేరే ముందు తలలు లెక్కపెట్టి, ఆ సంఖ్యను ఇద్దరి దగ్గర రాసి ఉంచాలి. అందరికంటే వెనుక నడిచే ‘తోక’గా దారి తెలిసిన అనుభవజ్ఞుడు ఉండాలి, మందుల సంచి అతని దగ్గరే ఉండాలి, ఎందుకంటే గాయపడినవాడు ఎప్పుడూ అతని దగ్గరకే చేరుకుంటాడు. ప్రతివారూ కనీసం లీటరు నీరు తెచ్చుకోవాలి. విరేచనాలకు ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయరాదు. కాలు కదలకుండా ఉంచి, మోసుకుని రోడ్డు చేర్చి, 108కు ఫోన్ చేయాలి. లోయలలో ఫోన్ సిగ్నల్ అందదు కనుక అది ఎక్కడ దొరుకుతుందో ముందురోజే చూసి ఉంచాలి. ఎక్కేటప్పటి ఆయాసాన్ని చూసి భయపడేవారు దిగేటప్పుడు నిర్లక్ష్యం చేస్తారు. తొడల కండరాలు ఎక్కువగా దెబ్బతినేది దిగేటప్పుడే, కనుక పొట్టి అడుగులు వేయాలి.

పరుగు ముగిసిన చోట చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే ఇంకేమీ అక్కరలేదు. కౌలాలంపూర్ సంప్రదాయంలో బీరు తప్పనిసరి. ఇక్కడ జీలుగు కల్లు ఆశ చూపేవారు తప్పక ఉంటారు. ఘాటీలో బండి నడిపేవారు దానిని ముట్టకూడదన్న నియమంలో మినహాయింపు ఇవ్వరాదు. మళ్లీ తలలు లెక్కపెట్టి, వచ్చే వారం కుందేలు ఎవరో అంబలి గిన్నెలు కడిగేలోపే తేల్చుకోవాలి. సెమిలిగుడ చేరాక అడిగితే అందరికీ ఇంటి పనులు గుర్తుకు వస్తాయి.