టవర్ స్పీకర్లలో డ్రైవర్ల మార్పిడి – 3వ పాఠం: కొత్త వూఫర్‌ను పాత పెట్టె ఒప్పుకుంటుందా?

పోయిన పాఠంలో డ్రైవర్‌ను (స్పీకర్ పెట్టెలో శబ్దం పుట్టించే భాగాన్ని) పెట్టెలోంచి బయటికి తీయడం, ప్లస్ మైనస్ గుర్తు పెట్టుకోవడం, వైర్లు విప్పి మల్టీమీటర్‌తో డీసీ రెసిస్టెన్స్ చూడడం వరకు వచ్చాం. పాత వూఫర్‌ది (బేస్ పలికే పెద్ద డ్రైవర్‌ది), దాని చోట పెట్టాలనుకుంటున్న వేరే బ్రాండ్ వూఫర్‌ది, రెండు కొలతలూ రాసిపెట్టుకోమన్నాను. 8 ఓమ్స్ అని రాసున్న దానికి మీటరు 5.5 నుంచి 6.5 దాకా, 4 ఓమ్స్ దానికి 3 నుంచి 3.5 దాకా చూపించి ఉంటుంది. మీటరు పాడైందని టెన్షన్ పడకండి, లెక్క సరైనదే. వెనక రాసున్నది ఏసీ సిగ్నల్‌కు ఎదురయ్యే మొత్తం అడ్డు (ఇంపీడెన్స్), అదీ ఉజ్జాయింపుగా. మీరు చూసింది వాయిస్ కాయిల్ (డ్రైవర్ ముందున్న గరాటులాంటి కోన్‌ను కదిలించే తీగ చుట్ట) రెసిస్టెన్స్ ఒక్కటే. ఆ అంకెను పారేయకండి, ఈరోజు లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి.

ముందు నా బుద్ధి తక్కువ పని ఒకటి చెప్పాలి. నా దగ్గరున్న ఒక టవర్ జతలో వూఫర్ల సరౌండ్ (కోన్ అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) ఫోమ్ పొడిపొడిగా రాలిపోయింది. వేరే బ్రాండ్ టవర్ ఒకటి క్యాబినెట్ పగిలి మూల పడి ఉంది, దాని వూఫర్లు మాత్రం బంగారంలా ఉన్నాయి, అవీ ఆరున్నర అంగుళాలవే, స్క్రూ రంధ్రాలు కూడా దాదాపు కలిశాయి. ఇంకేం కావాలి అనుకుని బిగించేశాను. పాట పెడితే బేస్ గిటార్‌లో ఒక్క స్వరం దగ్గర గది మొత్తం గుయ్యిమంటోంది, మిగతా స్వరాలు ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టున్నాయి, మగ గొంతులన్నీ జలుబు చేసినట్టున్నాయి. రెండు వారాలు స్పీకర్లను గోడకు దూరం జరిపీ దగ్గర జరిపీ చూశాను, తప్పు గదిదేమో అని. గదిది కాదు. అంగుళాలు కలిస్తే చాలనుకున్న నాది.

అంగుళాలు చెప్పేది ఆ డ్రైవర్ రంధ్రంలో పడుతుందా లేదా అన్నదే, అది కూడా సరిగ్గా చెప్పదు. ఆరున్నర అని అమ్మే ఫ్రేములు బ్రాండుకో వెడల్పులో వస్తాయి, గాడి లోతు వేరు, మ్యాగ్నెట్ వెనక లోపలి అడ్డపట్టీకి తగలొచ్చు. స్కేలు పెట్టి చూసుకోండి, దీని మీద ఇంతకంటే పాఠం అక్కర్లేదు.

అసలు సంగతి స్ప్రింగు. వూఫర్ అంటే స్ప్రింగు మీద వేలాడే బరువు. కోన్, కాయిల్ కలిసి బరువు. సరౌండ్, వెనకున్న స్పైడర్ (కాయిల్‌ను మధ్యలో పట్టి ఉంచే ముడతల గుడ్డ) కలిసి స్ప్రింగు. పెట్టెలో బిగించాక లోపలి గాలి రెండో స్ప్రింగు అవుతుంది. ఈ రెండు స్ప్రింగులూ ఆ బరువూ కలిసి ఎక్కడ ఊగుతాయో, ఎంత ఊగుతాయో, ఆ ఊగును మ్యాగ్నెట్ ఎంత గట్టిగా పట్టి ఆపుతుందో, ఈ మూడే బేస్ జాతకం. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఇంజనీరు పోర్ట్ (లోపలి గాలి బయటికీ లోపలికీ ఆడే రంధ్రం) ఉన్న పెట్టెలకు ఈ లెక్క కట్టాడు, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. అందుకే డ్రైవర్ డేటా కాగితం మీదుండే అంకెలకు థీల్–స్మాల్ పారామీటర్లని పేరు. వాటిలో మనకు ఈరోజు కావాల్సినవి రెండే. ఎఫ్ఎస్, అంటే పెట్టె లేకుండా కోన్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్, అంటే ఆ ఊగుకు పడే బ్రేక్ ఎంత అన్నది. అంకె చిన్నదైతే బ్రేక్ గట్టిది. మామూలుగా 0.3, 0.4 చుట్టుపక్కల ఉంటే పోర్ట్ పెట్టెకు, 0.4 నుంచి 0.7 దాకా ఉంటే మూసిన పెట్టెకు పనికొస్తుందంటారు. ఇది మోటు లెక్క, కానీ మొదటి జల్లెడగా బాగానే పనిచేస్తుంది.

టవర్‌లోంచి పీకిన వూఫర్‌కు డేటా కాగితం ఎక్కడ దొరుకుతుంది అంటారా? చాలాసార్లు దొరకదు, ఆ కంపెనీ తన పెట్టె కోసం చేయించుకున్న మోడల్ అయితే అసలే దొరకదు. అందుకే మనమే కొలుద్దాం.

కావాల్సినవి: ఫోన్‌లో సైన్ వేవ్ వాయించే యాప్, ఏదో ఒక యాంప్లిఫయర్, 1000 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి, 10 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి, ఏసీ మిల్లీవోల్టులు చూపించే మల్టీమీటర్. ఈ చివరిది చూసి తెచ్చుకోండి, చవక మీటర్లలో చాలావాటికి ఏసీ రేంజి 200 వోల్టుల దగ్గరే మొదలవుతుంది, దాంతో ఈ పని కాదు. యాంప్ ప్లస్ నుంచి 1000 ఓమ్స్ రెసిస్టర్, దాని తర్వాత 10 ఓమ్స్ రెసిస్టర్, అక్కడి నుంచి యాంప్ మైనస్. 100 హెర్ట్జ్ వాయిస్తూ 10 ఓమ్స్ రెసిస్టర్ రెండు కొసల మీద మీటరు సరిగ్గా 10 మిల్లీవోల్టులు చూపించేదాకా వాల్యూమ్ తిప్పండి. అక్కడితో వాల్యూమ్‌ను ముట్టుకోవద్దు. ఇప్పుడు 10 ఓమ్స్ తీసేసి ఆ చోట వూఫర్ పెడితే మీటరు మీద ఎన్ని మిల్లీవోల్టులో అన్ని ఓమ్స్. పెద్ద రెసిస్టర్ ఉండటం వల్ల కరెంటు దాదాపు ఒక మిల్లీయాంప్ దగ్గర కదలకుండా ఉంటుంది, అంతే కిటుకు. సౌండ్ కార్డు ఉన్నవాళ్లు రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇదే పని గీత గీసి మరీ చూడొచ్చు, కానీ ఒక్కసారి చేత్తో చేసి చూడండి, ఆ గీత ఎందుకలా వంగిందో అప్పుడే బుర్రకెక్కుతుంది.

వూఫర్‌ను బోర్లా పడేసి కొలవకండి. నిటారుగా, కదలకుండా, వెనక గాలి ఆడేలా పట్టి ఉంచాలి. చాలాకాలం మూల పడి ఉన్నదైతే ముందు కాసేపు 20, 30 హెర్ట్జ్ మెల్లగా వాయించి స్పైడర్‌ను సాగనివ్వండి, లేకపోతే ఎఫ్ఎస్ ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు ఫ్రీక్వెన్సీని 20 నుంచి పైకి మెల్లగా జరపండి. అంకె పెరిగి పెరిగి ఒకచోట శిఖరం చేరి మళ్లీ దిగుతుంది. ఆ శిఖరం ఉన్న ఫ్రీక్వెన్సీయే ఎఫ్ఎస్. నా పాత వూఫర్‌కు (ఫోమ్ కొత్తది అతికించాక కొలిచాను) అది 42 హెర్ట్జ్, శిఖరం ఎత్తు 52.2 ఓమ్స్, డీసీ రెసిస్టెన్స్ 5.8. 52.2ను 5.8తో భాగిస్తే 9. దాని వర్గమూలం 3. డీసీ రెసిస్టెన్స్‌ను ఆ 3తో గుణిస్తే 17.4 ఓమ్స్. ఇక శిఖరానికి ఇటొకటి అటొకటి 17.4 చూపించే ఫ్రీక్వెన్సీలు వెతకాలి. నాకు 27.5, 64.2 వచ్చాయి. సరిగా కొలిచామా లేదా అని తేల్చుకోవడానికి ఈ రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే మళ్లీ 42కు దగ్గరగా రావాలి. వచ్చింది. రాకపోతే వూఫర్ కదిలింది, లేదా మీటరు అడుగు ఫ్రీక్వెన్సీల్లో అబద్ధం చెబుతోంది.

తర్వాతి లెక్క రెండు మెట్లు. 42ను 3తో గుణించి, ఆ రెండు ఫ్రీక్వెన్సీల తేడా అయిన 36.7తో భాగిస్తే 3.43. ఇది క్యూఎంఎస్, అంటే మ్యాగ్నెట్ బ్రేక్‌ను పక్కనపెట్టి స్ప్రింగుల సొంత బ్రేక్ ఒక్కదాన్నే చెప్పే అంకె. దాన్ని 9తో భాగిస్తే 0.38. అదే క్యూటీఎస్. పోర్ట్ పెట్టెలో ఉండదగ్గ అంకె. నేను బిగించిన రెండో బ్రాండ్ వూఫర్‌కు ఇదే లెక్క చేస్తే ఎఫ్ఎస్ 36, క్యూటీఎస్ 0.58 వచ్చాయి. ఎఫ్ఎస్ తక్కువ కదా, ఇంకా లోతైన బేస్ రావాలి కదా అని ఎవరైనా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. బ్రేక్ లేని బండికి ఇంజను బాగుంటే ఏం లాభం? 0.58 ఉన్న దాన్ని పోర్ట్ పెట్టెలో పెడితే అది ఆగాల్సిన చోట ఆగదు, అదే నాకు వినపడిన గుయ్యి.

ఇక్కడ పుస్తకాలు వీఏఎస్ (వూఫర్ స్ప్రింగు ఎంత గాలి మెత్తదనానికి సమానమో చెప్పేది) అనే ఇంకో అంకె కొలవమంటాయి. కోన్ మీద తెలిసిన బరువు అంటించి, ఎఫ్ఎస్ ఎంత తగ్గిందో చూసి కట్టే లెక్క అది. డ్రైవర్ కొత్తగా కొని పెట్టె కూడా కొత్తగా చేసేవాళ్లకు అది తప్పదు. మనకు పెట్టె చేతిలోనే ఉంది, దాన్నే అడుగుదాం. పోర్ట్‌ను గుడ్డలు కుక్కి గాలి పోకుండా గట్టిగా మూసేయండి, పాత వూఫర్‌ను బిగించి, దాని వైర్లు క్రాసోవర్ (అడుగు స్వరాలను వూఫర్‌కు, పై స్వరాలను చిన్న డ్రైవరైన ట్వీటర్‌కు పంచే సర్క్యూట్) నుంచి విడదీసి నేరుగా బయటికి తెచ్చి మళ్లీ అదే కొలత తీయండి. రెండు వూఫర్లు పెట్టె లోపల ఒకే అరలో ఉన్న టవరైతే రెంటినీ బిగించి, వాటిని అసలు ఎలా కలిపి ఉన్నాయో అలాగే కలిపి కొలవాలి. లోపలి దూది ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. శిఖరం పైకి జరుగుతుంది. నాది 42 నుంచి 68కి జరిగింది, పెట్టెలో క్యూ (పెట్టెలో బిగించాక అదే లెక్కతో వచ్చే అంకె) 0.62 అయింది. తర్వాత కొత్త వూఫర్‌తో అదే పని. 36 కాస్తా 61కి జరిగింది, క్యూ 0.98 అయింది. పక్కపక్కన రాసుకుంటే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. శిఖరం ఉన్న చోట ఐదారు హెర్ట్జ్ అటూ ఇటూ తేడా ఉన్నా నేను ఒప్పుకుంటాను, క్యూ 0.1 కంటే ఎక్కువ పెరిగితే ఒప్పుకోను. ఇది నా చెవి పెట్టుకున్న గీత, మీది వేరుగా ఉండొచ్చు.

ఒప్పుకోకపోతే పారేయాలా? అవసరం లేదు. పోర్ట్‌ను శాశ్వతంగా మూసేసి మూసిన పెట్టెలా వాడుకోవచ్చు. క్యూ 1 దగ్గర కాస్త ఉబ్బు ఉంటుంది, ఒకటింపావు డెసిబెల్ దాకా, లోపల దూది పెంచితే కొంచెం తగ్గుతుంది. అడుగు బేస్ కొంత పోతుంది, కానీ ఆ ఒంటిస్వరం గోల పోతుంది. నేను కొన్ని నెలలు అలాగే విన్నాను, బానే ఉండేది.

ఇంకో చిక్కు ఇదే చోట ఉంది. క్రాసోవర్‌లో వూఫర్‌కు వరసలో ఉండే కాయిల్‌కు కూడా రెసిస్టెన్స్ ఉంటుంది, అర ఓమ్ అనుకోండి. 5.8 ఓమ్స్ వూఫర్‌కు అది తొమ్మిది శాతం, 3.4 ఓమ్స్ వూఫర్‌కు పదిహేను శాతం. మ్యాగ్నెట్ వేసే బ్రేక్ అంత మేర సడలుతుంది. అంటే 4 ఓమ్స్ వూఫర్‌ను 8 ఓమ్స్ పెట్టెలో పెట్టినప్పుడు క్యూ మీరు కొలిచిన దానికంటే ఇంకాస్త పెరుగుతుంది.

ఆ 8కి 4 మార్చడంలో అసలు దెబ్బ మాత్రం పైన, క్రాసోవర్ దగ్గర పడుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక్క కాయిల్ మాత్రమే ఉన్న క్రాసోవర్ తీసుకుందాం. 8 ఓమ్స్‌కు 0.42 మిల్లీహెన్రీ కాయిల్ దాదాపు 3000 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. అదే కాయిల్ వెనక 4 ఓమ్స్ వూఫర్ పెడితే 1500 దగ్గరే కోయడం మొదలుపెడుతుంది. ట్వీటర్ మాత్రం తన పాత 3000 దగ్గరే అందుకుంటుంది. మధ్యలో గుంట. గొంతులకు స్పష్టతనిచ్చే జాగా అది. నిజమైన టవర్లలో కెపాసిటర్లు కూడా ఉంటాయి, అంకెలు మారతాయి, గుంట పడే దిక్కు మాత్రం మారదు. రెండు 8 ఓమ్స్ వూఫర్లను సమాంతరంగా కలిపిన టవర్‌లో రెండు 4 ఓమ్స్‌వి పెడితే మొత్తం 2 ఓమ్స్ అవుతుంది, చాలా యాంప్‌లు వాల్యూమ్ పెంచగానే ప్రొటెక్షన్‌లోకి పోతాయి, లేదంటే పొగలోకి. పోనీ ఒక్క వూఫరే మార్చి రెండోది పాతది ఉంచుదామా అంటే అది ఇంకా ఘోరం, రెండూ ఒకే గాలిని చెరో రకంగా తోస్తాయి. మారిస్తే ఎడమ కుడి టవర్లు రెంటిలోనూ అన్నీ మార్చాలి.

ఇలా జరగడానికి వేరే బ్రాండే కానక్కర్లేదు. బీబీసీ 1970లలో తన అవసరానికి తయారుచేసిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్ (టవర్ కాదు, చేతిలో పట్టే పెట్టె) చాలా కంపెనీల పేర్లతో అమ్ముడైంది. రోజర్స్ చేసినా స్పెండార్ చేసినా లోపల వూఫర్, ట్వీటర్ రెండూ కెఫ్ వాళ్లవే, బీ110, టీ27. 1980ల చివర్లో ఆ డ్రైవర్లలో మార్పులొచ్చాయి. పేరు అదే, సైజు అదే. అయినా క్రాసోవర్ మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చింది, 15 ఓమ్స్ స్పీకర్ కాస్తా 11 ఓమ్స్ అయింది.

సెన్సిటివిటీ సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే కాగితాలు ఇక్కడ గారడీ చేస్తాయి. 2.83 వోల్టులకు ఒక మీటరు దూరంలో ఇన్ని డెసిబెల్స్ అని రాస్తారు. ఆ వోల్టేజీ 8 ఓమ్స్‌లో ఒక వాట్, 4 ఓమ్స్‌లో రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్స్ వూఫర్ అంకెలో 3 డెసిబెల్స్ ఊరికే వచ్చి కూర్చుంటాయి. అయితే మన పనికి, అంటే ట్వీటర్‌తో తూకానికి, వోల్టేజీ లెక్కే సరైనది, రెండూ ఒకే వోల్టేజీ మీద నడుస్తాయి గనక. కొత్త వూఫర్ పాతదానికంటే కాస్త తక్కువ మోగితే ట్వీటర్‌కు రెసిస్టర్ వేసి దాన్నీ దించొచ్చు. ఎక్కువ మోగితే చిక్కే: వూఫర్ వరసలో రెసిస్టర్ పెడితే పైన చెప్పిన బ్రేక్ మళ్లీ సడలుతుంది. అందుకని రెండు వూఫర్లు చేతిలో ఉండి ఎటూ తేలకపోతే నేను తక్కువ మోగేదానికే ఓటేస్తాను.

కాగితం కోన్ తీసి అల్యూమినియం కోన్ పెట్టేవాళ్లకు ఒక్క మాట. లోహపు కోన్లు చాలావరకు పైన కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర పళ్లెం మీద కొట్టినట్టు మోగుతాయి, వాటి సొంత క్రాసోవర్‌లో ఆ మోతను నొక్కే భాగం ఉంటుంది. మీ పాత టవర్ క్రాసోవర్‌కు అలాంటి పని ఎప్పుడూ పడలేదు. ఇంపీడెన్స్ కొలతలో ఇది సరిగా కనపడదు, మైక్ కావాలి, అందుకే దాన్ని తర్వాతి పాఠానికి ఉంచాను, ట్వీటర్‌తో కలిపి.

ఈసారి ఇంటిపని: పాత వూఫర్, కొత్త వూఫర్, రెంటికీ పెట్టె బయట, పోర్ట్ మూసిన పెట్టెలో, మొత్తం నాలుగు కొలతలు. ఓపికుంటే ఐదోది కూడా: పోర్ట్ తెరిచి కొలవండి, ఒక శిఖరం బదులు రెండు కనిపిస్తాయి, మధ్యలో లోయ ఉంటుంది. ఆ లోయ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరుందో రాసుకోండి. వూఫర్ మార్చినా అది దాదాపు కదలదు. ఎందుకు కదలదో ఆలోచించి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.