పాత బుల్లెట్ హెడ్డు పని నేర్చుకుందాం – 4వ పాఠం: వాల్వు గైడు

కిందటి పాఠంలో వాల్వు స్టెమ్ (కాడ) కొలవడం చూశాం, ఈసారి ఆ స్టెమ్ పైకీ కిందికీ ఆడే గొట్టం, అంటే గైడు సంగతి. వాల్వ్ ట్రెయిన్‌లో మామూలు లేతు షాపులో కూడా చక్కగా చేయించుకోదగ్గ భాగం ఇదే. కానీ చాలామంది హెడ్డు తీసుకెళ్లి "అన్నా, గైడుకి బుష్ కొట్టు" అని చెప్పి వచ్చేస్తారు, ఆ ఒక్క మాటతోనే సగం పని పాడవుతుంది. ఏ లోహం, ఎంత టైటు, ఏది ముందు ఏది తర్వాత అన్నది మీరే కాగితం మీద రాసి ఇవ్వాలి. టర్నర్ మంచి పనివాడైనా హెడ్డు వేడెక్కాక ఏమవుతుందో ఆలోచించాల్సింది మీరే.

మనం ఉదాహరణగా పట్టుకున్నది బీడు (పోత ఇనుము) బ్యారెల్, అంటే సిలిండర్ ఉన్న పాత 346 సీసీ బుల్లెట్. బ్యారెల్ బీడే అయినా హెడ్డు మాత్రం అల్యూమినియం, ఈ పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

గైడు అరిగిందో లేదో బండి ముందే చెబుతుంది. శ్రీశైలం ఘాట్ లాంటి చోట థ్రాటిల్ మూసి కిందికి దిగి, మళ్లీ యాక్సిలరేటర్ ఇవ్వగానే నీలం పొగ గుప్పుమంటే ముందుగా ఇన్‌లెట్ గైడు వైపు చూడండి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇన్‌లెట్ దారిలో వాక్యూమ్ బాగా పెరుగుతుంది, అది అరిగిన సందులోంచి ఆయిల్‌ని లాగేస్తుంది. హెడ్డు విప్పాక గైడు రంధ్రాన్ని పైన, మధ్యలో, కింద కొలవండి, ప్రతిచోటా రెండు దిక్కుల్లో. రాకర్ (వాల్వుని నొక్కే చేయి) వాల్వుని నిటారుగా మాత్రమే కాదు, కొంచెం పక్కకి కూడా నెడుతుంది, కాబట్టి రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా, రెండు కొసల దగ్గర గంటలా విచ్చుకుని అరుగుతుంది. మధ్యలో ఒక్కచోట కొలిచి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతారు.

పాత గైడు తీసేముందు పోర్టు (గాలి, పొగ వెళ్లే దారి) వైపు పొడుచుకొచ్చిన కొస మీది కార్బన్ పూర్తిగా గీకేయండి. ఆ పెచ్చులు గైడుతో పాటు లోపలికి వెళ్తే హెడ్డు రంధ్రాన్ని నిలువునా గీరేస్తాయి. హెడ్డు వేడి చేసి, స్టెమ్ రంధ్రంలో కూర్చునే మెట్టు ఉన్న డ్రిఫ్ట్‌తో (సుత్తి దెబ్బ తగిలించే కడ్డీ) కొట్టండి. తీశాక హెడ్డులో మిగిలిన రంధ్రం సైజు కొలిచి రాసుకోండి. రెండు మూడుసార్లు గైడు మారిన హెడ్డులో ఆ రంధ్రం పెద్దదైపోయి ఉంటుంది, షాపులో దొరికే గైడు అందులో వదులుగా కూర్చుంటుంది. మనం ప్రత్యేకంగా తిప్పించేది అందుకే.

ఇక లోహం. కంపెనీ గైడు బీడు. బీడులో గ్రాఫైట్ ఉంటుంది, ఆయిల్ తక్కువైనా కొంత సర్దుకుపోతుంది, ధర తక్కువ, దాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. కంచు వేడిని బాగా లాగుతుందని అందరూ అంటారు కానీ, 10 శాతం తగరం ఉన్న ఫాస్ఫర్ బ్రాంజ్ ఉష్ణవాహకత బీడుకి దాదాపు సమానమే, రెండూ మీటరుకి, డిగ్రీకి 50 వాట్ల చుట్టుపక్కలే ఉంటాయి. మరి కంచు ఎందుకంటే వ్యాకోచం కోసం, జారుడు కోసం. క్రోమ్ పూత లేని స్టెయిన్‌లెస్ వాల్వు బీడు గైడులో పట్టేసే ప్రమాదం ఉంది, కంచులో ఆ భయం చాలా తక్కువ.

వ్యాకోచం లెక్క ఒకసారి చేత్తో చేసి చూడండి. గైడు బయటి వ్యాసం 15 మి.మీ., ఇంజన్ నడిచేటప్పుడు వేడి 150 డిగ్రీలు పెరిగిందనుకుందాం. అల్యూమినియం రంధ్రం సుమారు 52 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పెరుగుతుంది, బీడు గైడు 25, ఫాస్ఫర్ బ్రాంజ్ 40. అంటే బీడు గైడు పట్టులో 27 మైక్రాన్లు పోతాయి, కంచుకి 12 మాత్రమే. చల్లగా ఉన్నప్పుడు 25 మైక్రాన్ల టైటే (రంధ్రం కన్నా గైడు అంత లావు) పెట్టారనుకోండి, ఇంజన్ వేడెక్కేసరికి బీడు గైడుకి పట్టే ఉండదు. అందుకే నేను 50 మైక్రాన్ల దగ్గర ఉంచమంటాను, ఏ లోహమైనా సరే.

షాపులో చాలాసార్లు "గన్‌మెటల్ ఉంది, అదే వేస్తాను" అంటారు. సీసం కలిసిన గన్‌మెటల్ మామూలు బుష్‌లకి బంగారం లాంటిదే, ఎగ్జాస్ట్ గైడుకి మాత్రం ఒప్పుకోకండి. సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది, ఆ గైడు కింది కొస నిత్యం మంటల పక్కనే ఉంటుంది. బెరీలియం కాపర్ ముక్క ఎవరైనా ఇస్తే ఇంట్లో గానీ మామూలు లేతు మీద గానీ తిప్పొద్దు, దాని పొడి ఊపిరితిత్తులకి విషం.

లేతు మీద పట్టుబట్టాల్సింది ఒక్కటే: బయటి వ్యాసం, లోపలి రంధ్రం ఒకే పట్టులో, ముక్కని చక్ నుంచి విప్పకుండా పూర్తి కావాలి. తిప్పి బిగించారంటే రెండిటి కేంద్రాలు తప్పుతాయి. డ్రిల్ పొడవులో పక్కకి పోతుంది కాబట్టి వీలైతే బోరింగ్ టూల్‌తో సరిచేయించి, చివరి రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి నునుపు చేసే టూల్) కోసం 0.1 నుంచి 0.2 మి.మీ. వదిలేయమనండి. ఫాస్ఫర్ బ్రాంజ్‌కి టూల్ పదునుగా ఉండాలి, లేకపోతే కోయకుండా రుద్ది వేడెక్కి డ్రిల్‌ని పట్టేస్తుంది.

ఎక్కించేటప్పుడు హెడ్డుని ఓవెన్‌లో 150 డిగ్రీలకి తేవాలి, గ్యాస్ మంట ఒక్కచోటే పెట్టొద్దు. గైడు రాత్రంతా ఫ్రీజర్‌లో ఉండాలి. గది వేడి 30 నుంచి లెక్కేస్తే హెడ్డు రంధ్రం 41 మైక్రాన్లు పెరుగుతుంది, ఫ్రీజర్‌లో కంచు 12 తగ్గుతుంది, మన 50 మైక్రాన్ల టైటు ఎలాగో తీరిపోతుంది. అయితే గైడు తాకిన క్షణం నుంచి వేడెక్కడం మొదలవుతుంది, కాబట్టి నిటారుగా పెట్టి, ఆగకుండా ఒకే ఊపులో చివరిదాకా దింపేయాలి. మధ్యలో ఆగిందంటే ఇక సుత్తి దెబ్బలే.

హెడ్డు పూర్తిగా చల్లారాక గైడు లోపలి రంధ్రం కొంచెం బిగుసుకుని ఉంటుంది. రీమర్ అప్పుడే దించాలి, ఎక్కించకముందు కాదు. రీమర్‌ని ఒకే దిక్కుకి తిప్పుతూ దించండి, బయటికి తీసేటప్పుడు కూడా వెనక్కి తిప్పొద్దు, అంచు మొద్దుబారుతుంది. ఇన్‌లెట్‌కి 40–50, ఎగ్జాస్ట్‌కి 60–80 మైక్రాన్ల సందు నేను పెట్టుకుంటాను, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఆయిల్ రాసిన వాల్వు తన బరువుకి తానే సాఫీగా దిగాలి, ఎక్కడా తట్టుకోకూడదు.

కొత్త గైడుకి పాత సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు) కేంద్రం కుదరదు, ఎంత జాగ్రత్తగా చేసినా. అందుకని ఇప్పుడే వాల్వు బిగించి బండి నడిపేయకండి. 5వ పాఠంలో ఈ గైడు రంధ్రాన్నే ఆధారం చేసుకుని సీటు కోద్దాం, అప్పటికి మీ స్టెమ్‌కి సరిపడే పైలట్ (కట్టర్‌ని గైడు రంధ్రంలో నిటారుగా నిలిపే కడ్డీ), 45 డిగ్రీల కట్టర్ సంపాదించి పెట్టుకోండి.