బాంబు పడకపోవచ్చు, కానీ ఓడ రాదు: న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్ళు దేనికి సిద్ధపడాలి

న్యూజిలాండ్‌లో ఉంటున్నాం అనగానే ఈమధ్య చాలామంది అనే మాట, "మీకేంటండీ, అణుయుద్ధం వచ్చినా మీ జోలికి ఎవరూ రారు" అని. ఆ మాట సగం నిజమే. 2023లో మాట్ బోయ్డ్, నిక్ విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ద్వీప దేశాల్ని పక్కపక్కన పెట్టి చూసి, ఎండ తగ్గిపోయే విపత్తు వస్తే తట్టుకునే అవకాశం ఎక్కువ ఉన్నవి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐస్‌లాండ్, సాలమన్ దీవులు, వనువాటు అని తేల్చారు. మిగతా సగం ఎవరూ మాట్లాడరు, నేను చెప్పాలనుకుంటున్నది అదే. ఇక్కడ మనం సిద్ధపడాల్సింది బాంబుకి కాదు, యుద్ధం వల్ల సరుకులు తెచ్చే ఓడలు రాకుండా పోవడానికి. ఈ ఒక్కటి బుర్రలోకి ఎక్కితే ఏం కొనాలి, ఏం నేర్చుకోవాలి, ఏది అనవసరం అన్నది మొత్తం మారిపోతుంది.

ముందు చలి సంగతి. అణుబాంబులకి నగరాలు తగలబడితే లేచే మసి వానమబ్బుల కంటే పైకి వెళ్ళిపోతుంది, అక్కడ దాన్ని కడిగేయడానికి వాన ఉండదు కాబట్టి ఏళ్ళ తరబడి అలాగే ఉండి ఎండని ఆపేస్తుంది. 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలితే 1816లో యూరప్‌లో, అమెరికా ఈశాన్యంలో ఎండాకాలమే రాలేదు, పంటలు పోయాయి, ఇది దానికంటే చాలా పెద్దది. 2022లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అమెరికా, రష్యా పూర్తిస్థాయిలో కొట్టుకుని 15 కోట్ల టన్నుల మసి లేస్తే ఆకలితో చనిపోయేవాళ్ళు 500 కోట్లు దాటొచ్చు. న్యూజిలాండ్‌కి ఉన్న అదృష్టం ఏంటంటే చుట్టూ సముద్రం, సముద్రం మెల్లగా చల్లబడుతుంది, యుద్ధం జరిగేది ఎక్కువగా ఉత్తరార్ధగోళంలో. చలి పెరుగుతుంది, మంచు పడే రోజులు పెరుగుతాయి, పచ్చిక తగ్గుతుంది, కానీ ఖండాల లోపల పడే దెబ్బ అంతలా ఇక్కడ పడదు.

తిండి ఉంటుంది కూడా. ఇక్కడ తీసే పాలల్లో చాలా పెద్ద భాగం పొడిగా, వెన్నగా, చీజ్‌గా బయటి దేశాలకే పోతుంది. పచ్చిక సగం తగ్గినా ఉన్న 50 లక్షల చిల్లర జనానికి కేలరీలు సరిపోతాయి. చిక్కల్లా డీజిల్. పొలం నుంచి పాలు తెచ్చే ట్యాంకర్ డీజిల్, ట్రాక్టర్ డీజిల్, దక్షిణ దీవిలోని కాంటర్‌బరీలో పండిన గోధుమ ఉత్తర దీవిలోని ఆక్లాండ్ దాకా రావాలంటే లారీ, ఫెర్రీ రెండూ కావాలి. దేశంలో ఉన్న ఒకే ఒక్క రిఫైనరీ, మార్స్‌డెన్ పాయింట్‌లోది, 2022లో ఆగిపోయింది, అప్పట్నుంచి ప్రతి లీటరూ శుద్ధి చేసిందే ఓడలో రావాలి. 2025 నుంచి కంపెనీలు కనీసం 28 రోజుల పెట్రోలు, 24 రోజుల విమాన ఇంధనం, 21 రోజుల డీజిల్ నిల్వ పెట్టాలని రూలు ఉంది. 21 రోజులు అంటే మూడు వారాలు, అది కూడా మామూలుగా వాడితే.

అందుకని మొదటి పని, పెట్రోలు మొత్తం పొలాలకీ అంబులెన్సులకీ పోతే మీ ఇల్లు ఎలా నడుస్తుందో ఒక కాగితం మీద రాయండి. బడికి, పనికి, డాక్టర్ దగ్గరికి, కూరగాయలకి, ఒక్కోటి నడిచి వెళ్తే ఎంతసేపు, సైకిల్ మీద ఎంతసేపు. ఇది ఊహ కాదు, ఈ దేశం కొంత చూసిందే. 1979 జులై నుంచి 1980 మే దాకా ఇక్కడ "కారు లేని రోజు" అని ఉండేది, ప్రతి కారు ఓనరూ వారంలో ఒక రోజు ఎంచుకుని అద్దం మీద ఆ రోజు రంగు స్టిక్కర్ అంటించుకోవాలి, ఆ రోజు బండి తీస్తే ఫైన్. రెండో కారు ఉన్నవాళ్ళు తప్పించుకున్నారు, లేనివాళ్ళ మీదే భారం పడింది. రేషన్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సంగతే. సైకిల్ ఉంటే టైర్లు, ట్యూబులు, బ్రేక్ ప్యాడ్లు రెండు జతలు అదనంగా కొని పెట్టుకోండి, అవి కూడా ఓడలోనే వస్తాయి.

కరెంటు మీద కొంచెం ధైర్యంగా ఉండొచ్చు. దేశం వాడే కరెంటులో సగానికి పైగా నీటి నుంచే, ఆ తర్వాత భూమి లోపలి ఆవిరి, వైరాకెయి స్టేషన్ 1958 నుంచి నడుస్తోంది. కానీ పెద్ద డ్యాములు ఎక్కువ దక్షిణ దీవిలో, జనం ఎక్కువ ఉత్తర దీవిలో, మధ్యలో కుక్ జలసంధి కింద కేబుల్. అది పాడైతే విడిభాగాలు ఎక్కడివి? ఇంకో ముప్పు, చాలా ఎత్తులో పేలిన అణుబాంబు నుంచి వచ్చే విద్యుదయస్కాంత తరంగం. 1962లో అమెరికా పసిఫిక్ మీద ఒకటి పేలిస్తే 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హవాయిలో వీధిదీపాలు ఆరిపోయాయి. ఆస్ట్రేలియా మీద అలాంటిది జరిగితే మన దాకా రాదని గ్యారంటీ ఇవ్వలేం. ఒక బ్యాటరీ రేడియో, వీలైతే చేత్తో తిప్పేది, ఇంట్లో ఉండాలి. ఆపద సమయంలో ఇక్కడ ప్రభుత్వ సమాచారం ఆర్‌ఎన్‌జెడ్ అనే జాతీయ రేడియోలో వస్తుంది, దాని స్టేషన్ నంబరు రేడియో వెనకాలే టేప్ వేసి అంటించండి.

నీళ్ళకి సివిల్ డిఫెన్స్ (విపత్తులు చూసే ప్రభుత్వ విభాగం) చెప్పే లెక్క మనిషికి రోజుకి 3 లీటర్లు, కనీసం 3 రోజులకి. దానితో పాటు మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న నీటి ట్యాంకు హాట్ వాటర్ సిలిండర్, కానీ దాన్లోంచి నీళ్ళు తీయడం ఎలాగో చాలామందికి తెలీదు. మేము ఒక శనివారం చేసి చూశాం. ముందు స్విచ్ బోర్డులో సిలిండర్ స్విచ్ ఆఫ్ చేయాలి, లేదంటే నీళ్ళు తగ్గాక హీటర్ కాలిపోతుంది. తర్వాత నీళ్ళు లోపలికొచ్చే వాల్వు మూసేయాలి, చల్లారేదాకా ఆగాలి, వంటింట్లో వేడినీళ్ళ కుళాయి తిప్పి ఉంచితే లోపలికి గాలి వెళ్తుంది, అప్పుడు అడుగున ఉన్న డ్రెయిన్ నుంచి పట్టుకోవచ్చు. మాది తుప్పు రంగులో వచ్చింది మొదటి బకెట్, తర్వాత తేటగా వచ్చింది. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడిగి ఆ డ్రెయిన్ ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం, అయోడిన్. అణుయుద్ధం అనగానే అందరూ అయోడిన్ మాత్రలు కొనాలా అని అడుగుతారు. ఆ మాత్రలు రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్‌లో చేరకుండా ఆపడానికి, ఆ రకం అయోడిన్ ప్రతి 8 రోజులకీ సగం అయిపోతుంది, వేల కిలోమీటర్ల దూరం నుంచి ఇక్కడికొచ్చేసరికి చాలా వరకు తగ్గిపోతుంది. మనకి కావాల్సింది మామూలు అయోడిన్, రోజూ ఉప్పులో తినేది. న్యూజిలాండ్ నేలల్లో అయోడిన్ చాలా తక్కువ, వందేళ్ళ కిందట ఇక్కడి బడిపిల్లల్లో గాయిటర్, అంటే థైరాయిడ్ ఉబ్బి మెడ వాచడం, సర్వసాధారణం, ఉప్పులో అయోడిన్ కలిపాకే తగ్గింది. 2009 నుంచి రొట్టెల్లో అయోడైజ్డ్ ఉప్పు వేయడం తప్పనిసరి చేశారు కూడా. ప్రపంచంలో అయోడిన్ ఎక్కువగా వచ్చేది చిలీ, జపాన్ నుంచి. ఓడలు ఆగితే అది ఆగుతుంది, అది ఆగితే ముందు దెబ్బ తినేది కడుపులో బిడ్డ మెదడు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి రోజుకి 150 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమని ఇక్కడి ఆరోగ్య శాఖ ఇప్పుడే చెబుతోంది, అన్నీ దొరుకుతున్న రోజుల్లోనే. కాబట్టి అయోడైజ్డ్ ఉప్పు ఒక పది కిలోలు కొని, గాలి తగలని డబ్బాల్లో, తడీ ఎండా లేని చోట పెట్టండి. ఉప్పుకి పెద్ద ఖర్చేం ఉండదు. రాక్ సాల్ట్, హిమాలయన్ పింక్ సాల్ట్ దీనికి పనికిరావు. సముద్రం దగ్గర ఉంటే కరెంగో అనే నాచు నేర్చుకోండి, ఇక్కడి మూలవాసులైన మావోరీలు చలికాలంలో రాళ్ళ మీంచి కోసి ఎండబెట్టుకుని తినేది, అయోడిన్ ఉన్న ఆహారం. ఎక్కడ ఎంత కోయొచ్చో రూల్స్ ఉంటాయి, తెలిసిన పెద్దవాళ్ళతోనే వెళ్ళండి.

మందుల విషయంలో మన చేతిలో ఉన్నది తక్కువ. దాదాపు అన్నీ దిగుమతే. ఇన్సులిన్ వాడే మనిషికి ఇంట్లో దాచుకునే పద్ధతి ఏదీ చాలదు, అది దేశం చేయాల్సిన పని, మీ ఎంపీకి ఉత్తరం రాయండి, నేను రాశాను. మీరు చేయగలిగింది, పాడైన పంటికి ఇప్పుడే వైద్యం చేయించుకోండి, ఇంకో జత కళ్ళద్దాలు చేయించుకోండి, టీకాలు పెండింగ్ పెట్టొద్దు.

ఆ చలికి తోటలో టొమాటో, వంకాయ, మిరప మొదటి ఏడాదే పోతాయి, కుమారా (చిలగడదుంప) కూడా మంచు తట్టుకోదు. నిలబడేవి క్యాబేజీ, లీక్, సిల్వర్‌బీట్ అనే ఆకుకూర, బ్రాడ్ బీన్స్, క్యారెట్. క్యారెట్ గింజ తీయడం ఇప్పుడే నేర్చుకోవాలి ఎందుకంటే దానికి రెండేళ్ళు పడుతుంది. హైబ్రిడ్ కాని రకం వేయండి. మంచి దుంపలు ఓ ఇరవై పీకకుండా చలికాలం దాటనివ్వండి, వసంతంలో నడుమెత్తు కాడ లేచి గొడుగులా తెల్ల పూలు పూస్తుంది, గొడుగు ముడుచుకుని గోధుమరంగులోకి మారాక కోసి, ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపితే ముళ్ళు ముళ్ళుగా ఉన్న గింజలు రాలతాయి. నేను మొదటిసారి చేసినప్పుడు రోడ్డు పక్కన పెరిగే అడవి క్యారెట్ పుప్పొడి కలిసిపోయింది, మరుసటి ఏడు వచ్చినవి సగం వేలంత సన్నగా, తెల్లగా, పీచులాగా. అప్పట్నుంచి పూత మీద పల్చటి నెట్ కప్పి, ఒక బ్రష్‌తో పువ్వు నుంచి పువ్వుకి నేనే తిప్పుతున్నా, ఫర్వాలేదు, బాగానే వస్తున్నాయి.

చివరిగా మీ వీధి. 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో 185 మంది పోయారు, నీళ్ళు, కరెంటు లేని ఆ రోజుల్లో చాలామందికి ముందు అందింది పక్కింటివాళ్ళ సాయమే. మీ వీధిలో కట్టెల పొయ్యి ఎవరింట్లో ఉంది, వాననీటి ట్యాంకు ఎవరికి ఉంది, నర్సు ఎవరు, వెల్డింగ్ వచ్చినవాళ్ళు ఎవరు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎవరు, తెలుసుకోండి. మా వీధిలో పదకొండు ఇళ్ళు, ఏడు ఇళ్ళ తలుపు తట్టాను, ఒకాయన గ్యారేజీలో తేనెటీగల పెట్టెలు మూడు ఉన్నాయని ఆరేళ్ళుగా ఎదురింట్లో ఉంటూ నాకు తెలీదు. ఇంకా నాలుగు ఇళ్ళు మిగిలాయి, వచ్చే ఆదివారం వెళ్తాను.