గుంటూరు కరువు మీద పరిశోధనకు ఏ పుస్తకం ముందు తెరవాలి?

గుంటూరులో చరిత్ర పాఠాలు చెబుతూ, పరిశోధక విద్యార్థులకు దారి చూపే పనిలో ఉన్నాను. మొదటిసారి వచ్చిన వాళ్లు దాదాపు అందరూ ‘మేడమ్, ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?’ అనే అడుగుతారు. ముందు తేల్చుకోవలసింది అది కాదు. మీరు దేనికి జవాబు వెతుకుతున్నారో తేల్చుకోండి. ‘గుంటూరు కరువు’ అంశం మాత్రమే. ‘1832-33 కరువులో కంపెనీ ప్రభుత్వం శిస్తు వసూలును ఎలా నడిపింది?’ అన్నప్పుడు అది ప్రశ్న అవుతుంది. శిస్తు సంగతి కావాలంటే మద్రాసులో శిస్తు వ్యవహారాలు చూసిన రెవెన్యూ బోర్డు కాగితాలు చూడాలి. ఆ కరువు జనం నోళ్లలో ఎలా మిగిలిందో కావాలంటే ఊళ్లలో పెద్దవాళ్ల దగ్గర కూర్చోవాలి. ప్రశ్న తేలకుండా పోగుచేసిన పీడీఎఫ్‌లు ఫోనులో చోటు తినడానికే పనికొస్తాయి.

తర్వాత ఆ అంశం మీద ఒక్క మంచి పుస్తకం పట్టుకోండి. మన జిల్లాకు సంబంధించి రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన గ్రంథం ఉంది; 1788 నుంచి 1848 వరకు గుంటూరు పాలన ఎలా సాగిందో అందులో చూడవచ్చు. దాన్ని మొదటి పేజీ నుంచి చదవకండి. కరువు ప్రస్తావన ఉన్న పేజీలు తీసి, వాటి అడుగున ఉన్న చిన్న అక్షరాల నోట్సు చదవండి. రచయిత ఏ కాగితం చూసి ఆ మాట రాశారో అక్కడే ఉంటుంది. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ (కార్యకలాపాల రికార్డులు), 1846లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ గుంటూరు మీద ఇచ్చిన నివేదిక వంటివన్నీ ఇలాగే బయటపడతాయి. ఇంటర్నెట్‌లో వారం రోజులు వెతికినా దొరకనిది ఒక్కోసారి ఒక పేజీ అడుగున దొరుకుతుంది.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఆనాటి పేర్లు తెలిసి ఉండాలి. పాత ఇంగ్లీషు రికార్డుల్లో కృష్ణా ‘కిస్ట్నా’గా, మచిలీపట్నం ‘మసులిపటం’గా, విజయవాడ ‘బెజవాడ’గా కనిపిస్తాయి. గుంటూరు స్పెల్లింగులో రెండో ‘యు’కు బదులు రెండు ‘ఓ’లు (Guntoor) ఉంటాయి. తెలుగులో ఈ కరువును డొక్కల కరువు అనీ, నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువు అనీ అంటారు. జిల్లా హద్దులు ఇంకా ముఖ్యం. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్లీ 1904లోనే విడిగా ఏర్పడింది. కాబట్టి ఆ మధ్య కాలపు సమాచారం కోసం గుంటూరు పేరుతో వెతికితే చేతికి ఏమీ రాదు, కృష్ణా జిల్లా కింద చూడాలి.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ, పాత ముద్రిత పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్, జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) పత్రాలకు అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్లు చూడండి. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల్లో చాలావాటి లోపలి అక్షరాలను కంప్యూటర్ చదవలేదు. పేర్లు కూడా రకరకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో నమోదయ్యాయి. వెతికితే రాలేదంటే పుస్తకం లేదని కాదు. ఓపిగ్గా పేజీలు తిప్పాల్సిందే. ఇరవయ్యో శతాబ్దపు అంశాలైతే, ఉదాహరణకు చీరాల-పేరాల ఉద్యమమైతే, వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లి రండి. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు ఉన్నాయి. అక్కడి సిబ్బందితో మాట్లాడకుండా మాత్రం తిరిగి రావద్దు. ఏ బీరువాలో ఏముందో జాబితా కంటే వాళ్లకే బాగా తెలుస్తుంది.

ఇక ఎంపిక. నేను ఎక్కువగా పట్టుబట్టేది ఇక్కడే. ఆధారం చేతికి రాగానే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడగండి. కరువు గురించి ‘మెకంజీ ఇలా అన్నారు’ అని రాస్తే సరిపోదు, ఏ మెకంజీ? కైఫీయతులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1821లోనే చనిపోయారు. ఆ కైఫీయతుల్లో 1832 నాటి కరువు ఉండే అవకాశమే లేదు. కృష్ణా జిల్లా మాన్యువల్ రాసిన గోర్డన్ మెకంజీ వేరే మనిషి. ఆ పుస్తకం 1883లో వచ్చింది. అంటే కరువుకు యాభై ఏళ్ల తర్వాత ఒక ప్రభుత్వాధికారి పాత రికార్డులు చూసి రాసింది. అది పనికిరాదని కాదు. కానీ కళ్లారా చూసినవాడి సాక్ష్యంగా మాత్రం వాడకూడదు.

మరణాల సంఖ్యనూ ఇలాగే పరీక్షించాలి. ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని ఒకచోట, లక్షన్నర అని ఇంకొకచోట కనిపిస్తుంది. రెండింటిలో నచ్చినది ఎంచుకోకండి. ఒక్కో సంఖ్యను పట్టుకుని, దాన్ని రాసినవాళ్లు ఎవరి నుంచి తీసుకున్నారో వెనక్కి నడవండి. పది పుస్తకాలూ చివరికి ఒకే పేజీ దగ్గరికి చేరితే మీ దగ్గరున్నది ఒక్క ఆధారమే. దేశవ్యాప్త జనగణన తొలి ప్రయత్నం జరిగింది 1871-72 ప్రాంతంలో. 1832లో ఐదు లక్షలని లెక్కగట్టింది ఎవరు, ఏ ప్రాతిపదికన అన్నది కూడా మీ పరిశోధనలో భాగమే.

డబ్బు కడితే నాలుగు రోజుల్లో వ్యాసం అచ్చువేసే పత్రికల జోలికి పోకండి. వాటిలో వచ్చిన వ్యాసాలను ఆధారాలుగానూ చూపకండి. కృత్రిమ మేధ ఇచ్చే పుస్తకాల జాబితానూ ఉన్నదున్నట్లు ఎక్కించుకోవద్దు. లేని పుస్తకాలకు కూడా అది రచయితలను, పేజీ సంఖ్యలను కల్పించి ఇస్తుంది. పుస్తకం కంటితో చూశాకే పేరు రాయండి.

ప్రతి ఆధారానికీ ఒక కాగితం పెట్టుకోండి. పైన పేరు, సంవత్సరం, ఎక్కడ చూశారో. కింద పేజీ సంఖ్యతో సహా అసలు వాక్యం. దాని కింద, వేరే రంగు సిరాతో, మీ అభిప్రాయం. ఇవి రెండూ కలిసిపోతే ఆరు నెలల తర్వాత ఏది ఎవరి మాటో విడదీయలేరు. ఇక్కడ చూడగలిగినవన్నీ చూశాక, ఫుట్‌నోట్ల నుంచి రాసుకున్న రెవెన్యూ బోర్డు సంపుటాల తేదీలతో మద్రాసులో ఎగ్మూరు దగ్గరున్న తమిళనాడు ఆర్కైవ్స్‌కు బయలుదేరండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు అక్కడే ఉన్నాయి. మీ గైడు ఇచ్చే పరిచయ పత్రం వెంట తీసుకువెళ్లండి.